బడి మూసిన ఐదేండ్లు

బడి నిప్పంటుకొని కాలినదనియు, వఱదలో గోడలు కూలినవనియు మనము వినుచుందుము. గోడలు చెక్కుచెదరక నిలిచియుండగా, ఉపాధ్యాయులు సిద్ధముగా నుండగా, పిల్లలు చదువుకొఱకు ఎదురుచూచుచుండగా, పాలకులే తీర్మానించి బడికి తాళము వేయించి ఐదేండ్లు తెఱవకుండుట మాత్రము అరుదుగా వినవచ్చు సంగతి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా రాష్ట్రమునందలి ప్రిన్సు ఎడ్వర్డు కౌంటీలో 1959 మొదలు 1964 వఱకు ఇట్లే జరిగినది. కౌంటీ యనగా మన పూర్వపు తాలూకావంటి పాలనా విభాగము. పన్నులు విధించి బడులకు ధనమిచ్చు నధికారము అచ్చటి పాలక మండలిది. ఆ మండలి బడిపన్నును విధింపక మానివేసినది. పన్ను లేదు గనుక ధనము లేదు. ధనము లేదు గనుక బడి లేదు. ఇంతకును కారణ మొక్కటియే: నల్లజాతి పిల్లలను తెల్లజాతి పిల్లల ప్రక్కన కూర్చుండనిండని న్యాయస్థాన మాజ్ఞాపించినది.

అమెరికా బడులలో వర్ణభేదమును తొలగించుటకై జరిగిన పోరాటము ప్రస్తావనకు వచ్చినప్పుడు ఎల్లరును లిటిల్ రాక్ పట్టణమును తలంతురు. 1957 సెప్టెంబరులో అచ్చటి సెంట్రల్ హైస్కూలులో చేరబోయిన తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను ఆర్కన్సా గవర్నరు ఫాబస్ తన రాష్ట్ర సైనికులచే అడ్డగించుటయు, ఒంటరిగా వచ్చిన బాలికపై మూక విరుచుకొనిపడి అఱచుటయు, కడకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ దళమును పంపి ఆ పిల్లలను లోపలికి చేర్చుటయు ప్రపంచమంతయు ఛాయాచిత్రములలో చూచినది. ప్రిన్సు ఎడ్వర్డులో బడి మూసిననాడు అట్టి మూకలు లేవు, తుపాకులు లేవు, ఛాయాచిత్రము తీయదగిన దేదియు లేదు. అందువలననే ఈ కథను మేము పాఠకుల యెదుట నుంచదలచితిమి. అన్యాయము వీథిలో నిలిచి కేకలు వేయునప్పుడు దానిని గుర్తించుట సులభము. అది ఆదాయవ్యయముల పట్టికలో చేరి మాటాడక కూర్చున్నప్పుడు గుర్తించుట కష్టము.

వేఱైనను సమానమట!

బానిసత్వ మంతరించిన పిమ్మట 1868లో అమెరికా రాజ్యాంగమునకు పదునాలుగవ సవరణ చేరినది. చట్టము యొక్క సమాన రక్షణను ఏ రాష్ట్రమును ఎవ్వరికిని నిరాకరింపరాదని దాని శాసనము. అయినను 1896లో, రైలు పెట్టెలను గుఱించి వచ్చిన ప్లెస్సీ వ్యాజ్యమున, సౌకర్యములు సమానముగా నున్నచో జాతులను వేఱుచేయుట దోషము కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. జస్టిసు హార్లన్ ఒక్కరే దీనికి సమ్మతింపక భిన్నాభిప్రాయము వ్రాసిరి. నాటినుండి దక్షిణ రాష్ట్రములలో వేఱుచేయుట నిక్కచ్చిగా జరిగినది. సమానత్వము మాత్రము కాగితము దాటి రాలేదు. దక్షిణ కరోలినాలోని క్లారెండన్ కౌంటీ 1949-50 సంవత్సరమున ఒక్కొక్క తెల్లజాతి విద్యార్థికి 179 డాలర్లును, నల్లజాతి విద్యార్థికి 43 డాలర్లును వ్యయపఱచినది. అచ్చటి నల్లజాతి తల్లిదండ్రులు మొట్టమొదట కోరినది తెల్లవారితో సహపంక్తి కాదు. తమ పిల్లలు మైళ్ళకొలది నడువకుండుటకు ఒక బస్సు. ఆ బస్సైనను వారికి దొరకలేదు.

ఈ దురవస్థను న్యాయస్థానములలో ఎదుర్కొనుటకు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ అను న్యాయవాది దీర్ఘమైన ఆలోచనతో ఒక మార్గమును వేసెను. ఆయన శిష్యుడు తర్గుడ్ మార్షల్ దానిని కొనసాగించెను. వారు మొదట చిన్నపిల్లల బడుల జోలికి పోలేదు. పై చదువులలో రాష్ట్రములు చూపు సమానత్వము బూటకమని నిరూపించుట వారికి సులభమైన పని. ఏలయన, నల్లవారికి న్యాయ కళాశాలయే లేని రాష్ట్రములు పెక్కుండెను. 1938లో మిస్సోరి రాష్ట్రము పైనను, 1950లో టెక్సాసు రాష్ట్రము పైనను వారికి జయము కలిగినది. నల్లవారికై హడావుడిగా నెలకొల్పిన కళాశాల టెక్సాసు విశ్వవిద్యాలయమునకు సమానము కానేరదని సుప్రీంకోర్టు ఒప్పుకొన్నది. గోడ పైభాగమున బీట వారినది. పునాది మాత్రము పిల్లల బడులలో నిలిచియుండెను.

పదునాఱేండ్ల బాలిక

ప్రిన్సు ఎడ్వర్డు కౌంటీకి ముఖ్యపట్టణము ఫార్మ్‌విల్. అచ్చట నల్లజాతివారికి రాబర్టు రస్సా మోటన్ అను విద్యావేత్త పేర 1939లో ఒక హైస్కూలు కట్టిరి. 180 మందికై కట్టిన ఆ భవనములో 1951 నాటికి 450 మందికి మించి చదువుచుండిరి. భోజనశాల లేదు, వ్యాయామశాల లేదు. చోటు చాలదని తల్లిదండ్రులు పలుమారులు మొఱపెట్టుకొనగా, కౌంటీవారు క్రొత్త భవనమునకు బదులు తారుకాగితము కప్పిన చెక్కపాకలను మూడింటిని వేయించిరి. వానకు అవి కురియును. చలికాలమున పొయ్యి దగ్గఱ కూర్చున్నవారికి ఉక్క. దూరమున కూర్చున్నవారికి వణుకు. చూచినవారు వానిని కోళ్ళగూళ్ళతో పోల్చుచుండిరి.

ఆ బడిలో చదువుచున్న బార్బరా జాన్స్ పదునాఱేండ్ల బాలిక. ఆమె కొలదిమంది తోడివారితో రహస్యముగా ఆలోచించి 1951 ఏప్రిల్ 23వ తేదీని నిశ్చయించెను. ఆనాడు ప్రధానోపాధ్యాయునికి, మీ విద్యార్థులు కొందఱు ఊరిలో చిక్కులో పడిరని టెలిఫోనులో కబురు పోయినది. ఆయన బయలుదేరగానే, ఆయన పిలిచినట్లుగా చీట్లు వ్రాసి తరగతులన్నిటికిని పంపిరి. ఎల్లరును సభాశాలలో చేరినప్పుడు వేదికపై ప్రధానోపాధ్యాయుడు లేడు, బార్బరా కలదు. ఉపాధ్యాయులను వెలుపలికి వెళ్ళుడని వేడుకొని, ఆ బాలిక తన తోడివారికి పాకల సంగతియు, పెద్దలకు చేసిన వాగ్దానభంగముల సంగతియు విన్నవించి, క్రొత్త బడి యిచ్చువఱకు తరగతులకు రాకుండుదమని పలికెను. విద్యార్థులు లేచి ఆమె వెంట నడచిరి. ఆ సమ్మె రెండు వారములు సాగినది. ప్రధానోపాధ్యాయునికి ఇందు ప్రమేయము లేకపోయినను ఆ సంవత్సరమే ఆయన యుద్యోగము పోయినది.

పిల్లలు కోరినది మంచి బడి మాత్రమే. వారి యభ్యర్థనపై రిచ్మండు నగరమునుండి ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అను న్యాయవాదులు వచ్చిరి. క్రొత్త భవనము కొఱకు మాత్రమే యైనచో తాము వాదింపమనియు, వేఱుచేయుటనే ఎదిరింప సిద్ధపడినచో వాదింతుమనియు వారు స్పష్టముగా చెప్పిరి. చర్చిలో సభ జరిగినది. పూర్వము ఆ బడిని నడపిన పెద్దమనిషి ఒకరు లేచి, ఇది మన తలకు మించిన పనియని హెచ్చరించిరి. బార్బరా ఆయనకు జంకక బదులు చెప్పెను. ఆ చర్చి బోధకుడైన రెవరెండు ఫ్రాన్సిస్ గ్రిఫిన్ పిల్లల పక్షమున నిలిచెను. 1951 మే 23వ తేదీన 117 మంది విద్యార్థుల తరఫున వ్యాజ్యము దాఖలైనది. బార్బరాకు కీడు కలుగునని భయపడి తల్లిదండ్రులు ఆమెను అలబామాలోని మాంట్‌గోమరీ పట్టణమున పెదతండ్రి వెర్నన్ జాన్స్ ఇంటికి పంపిరి. ఆయన బోధకుడుగా నుండిన చర్చికే తరువాత మార్టిన్ లూథర్ కింగ్ బోధకుడై వచ్చెను. గాంధీమహాత్ముని భూమిని దర్శింపవలెనని 1959లో మన దేశమున పర్యటించిన కింగు ఆయనయే.

తీర్పును, త్వరయు

ప్రిన్సు ఎడ్వర్డు వ్యాజ్యము ఒంటరిగా సుప్రీంకోర్టునకు పోలేదు. కాన్సాసు, దక్షిణ కరోలినా, డెలావేరు, రాజధాని వాషింగ్టను అను చోట్లనుండి వచ్చిన వ్యాజ్యములతో కూడి మొత్తము ఐదు. కాన్సాసులోని టొపీకా పట్టణవాసి ఆలివర్ బ్రౌన్ పేర ఆ తీర్పు ప్రసిద్ధమైనది. ఐదింటిలో విద్యార్థులు తామై మొదలిడినది ప్రిన్సు ఎడ్వర్డు పోరాట మొక్కటియే. విచారణలో కెన్నెత్ క్లార్క్ అను మనశ్శాస్త్రవేత్తయు, ఆయన భార్య మేమీ క్లార్కును చేసిన పరీక్షలు ప్రస్తావనకు వచ్చినవి. నల్లబొమ్మను, తెల్లబొమ్మను ముందుంచి అడుగగా, నల్లజాతి పసిపిల్లలలో పెక్కురు తెల్లబొమ్మయే మంచిదనిరి. తమ రంగున్న బొమ్మను తామే చెడ్డదని చెప్పుటకు ఆ పసివారికి నేర్పినదెవరను ప్రశ్న న్యాయమూర్తుల యెదుట నిలిచినది. ఇంకొక సంగతియు మన పాఠకులు గమనింపదగినది. 1952లో అమెరికా ప్రభుత్వము కోర్టునకు సమర్పించిన విన్నపములో, ఈ వర్ణభేదము విదేశములలో తమ దేశపు మాటకు విలువ లేకుండ చేయుచున్నదని విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ వ్రాసిన లేఖ చేరియుండెను. అప్పుడే స్వతంత్రము లగుచుండిన ఆసియా, ఆఫ్రికా దేశముల చూపునకు ఆ మాత్రపు బలముండినదన్నమాట.

1954 మే 17వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు చదివిరి. తొమ్మండుగురు న్యాయమూర్తులదియు ఏకాభిప్రాయము. భవనములును, పుస్తకములును సమానమైనను, రంగును బట్టి పిల్లలను వేఱుచేయుటయే వారి హృదయములలో తక్కువతనమును నాటుననియు, కావున ప్రభుత్వ విద్యలో వేఱుచేయుటయే అసమానత్వమనియు వారు నిర్ణయించిరి. ఏబది యెనిమిదేండ్ల క్రిందటి ప్లెస్సీ తీర్పు బడుల విషయమున చెల్లకపోయినది.

హక్కు స్థిరపడినది. ఎప్పటిలోగా ఈయవలెనను ప్రశ్న మిగిలినది. దానికి 1955 మే 31వ తేదీన కోర్టు చెప్పిన బదులు చరిత్రలో నిలిచిపోయినది. గడువేదియు పెట్టక, ఆలోచనతో కూడిన త్వరతో పని జరుగవలెనని మాత్రము ఆదేశించి, మిగిలినది క్రింది కోర్టులకు విడిచినది. నల్లవారు ఆ వాక్యములోని త్వరను చూచిరి. దక్షిణ రాష్ట్రముల పాలకులు ఆలోచనను చూచిరి. అప్పు ఉన్నదని తీర్పిచ్చి తీర్చు దినము చెప్పకుండిన ఋణగ్రస్తుడేమి చేయునో వారును అదే చేసిరి.

మొండి ప్రతిఘటన

1956 మార్చిలో దక్షిణ రాష్ట్రములకు చెందిన 101 మంది కాంగ్రెసు సభ్యులు ఈ తీర్పును నిరసించుచు ఒక ప్రకటనపై చేవ్రాలు చేసిరి. వర్జీనియాలో సెనేటరు హ్యారీ బర్డ్ నాయకత్వమున సమగ్ర ప్రతిఘటన యను ఉద్యమము బయలుదేరినది. ఏ బడిలో నల్లపిల్ల యొకతె తెల్లపిల్లల సరసన చేరునో ఆ బడిని మూసివేయుటకు గవర్నరునకు అధికారమిచ్చు శాసనములను ఆ రాష్ట్రము చేసికొన్నది. 1958 సెప్టెంబరులో నార్‌ఫోక్, షార్లట్స్‌విల్, ఫ్రంట్ రాయల్ పట్టణములలోని బడులు కొన్ని ఇట్లు మూతపడెను. దాదాపు 13,000 మంది విద్యార్థులు, అందు అత్యధికులు తెల్లవారే, వీథిన పడిరి. 1959 జనవరి 19వ తేదీన రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమును, ఫెడరల్ న్యాయస్థానమును ఒక్కనాడే ఆ శాసనములను కొట్టివేసినవి. ఫిబ్రవరి 2వ తేదీన నార్‌ఫోక్ బడులు నల్లపిల్లలతో కూడి తెఱువబడెను. రాష్ట్రము వెనుకకు తగ్గినది.

ప్రిన్సు ఎడ్వర్డు తగ్గలేదు. బార్బరా తోడివారు వ్యాజ్యము వేసి అప్పటికి ఎనిమిదేండ్లు గడచినవి. ఆనాడు హైస్కూలులో నున్నవారు బడి వయస్సు దాటిపోయిరి. 1959 మేలో అప్పీలు కోర్టు ఆ సెప్టెంబరులోనే పని మొదలిడవలెనని ఆజ్ఞ చేసినది. జూను మాసమున పాలక మండలి సమావేశమై బడులకు పన్ను విధింపమని తీర్మానించినది. కౌంటీలోని ప్రభుత్వ పాఠశాల లన్నియు మూతపడినవి.

తెల్లవారి పిల్లలకు ముందే ఏర్పాటు జరిగియుండెను. చందాలతో ఒక ప్రైవేటు సంస్థ లేచినది. చర్చిగదులలోను, సంఘభవనములలోను పదునాలుగు వందలకు పైబడిన తెల్లపిల్లలకు సెప్టెంబరులోనే పాఠములు మొదలైనవి. మఱుసటి సంవత్సరము రాష్ట్రమిచ్చు విద్యార్థి గ్రాంటులును, కౌంటీ పన్నులో మినహాయింపులును ఆ బడికి ఊతమైనవి. పన్నుగా కట్టనొల్లని ధనము చందాగా మాఱినది. ప్రజాధనముతో నడవరాదన్న భేదము ప్రజాధనము సాయముననే నడచినది. దాదాపు 1,700 మంది నల్లజాతి పిల్లలకు ఏమియు లేదు. రుసుము కట్టలేని పేద తెల్లవారి పిల్లలు కొందఱు వారితోపాటు మిగిలిపోయిరి.

రెండు దుఃఖముల నడుమ

ఈ సందర్భమున నల్లజాతి పెద్దలకు వచ్చిన ధర్మసంకటమును పాఠకులు ఓపికతో ఆలోచింపవలెను. 1959 కడపట తెల్లవారి నాయకులు కొందఱు మఱియొక సంస్థను స్థాపించి, నల్లపిల్లలకును ప్రత్యేకముగా ఒక ప్రైవేటు బడి పెట్టింతుమనిరి. ఒప్పుకొన్నచో పిల్లల చదువు సాగును. కాని ప్రభుత్వ విద్య అక్కఱలేదనియు, వేఱుగా నుండుటకు తామే సమ్మతించితిమనియు కోర్టులో చెప్పినట్లగును. ఎనిమిదేండ్ల వ్యాజ్యమును తమ చేతులతో తామే చంపుకొనినట్లగును. ఆ బడికి వచ్చిన దరఖాస్తు ఒక్కటియేనట.

తల్లిదండ్రుల యీ నిశ్చయమును పొగడుట సులభము. మేమును పొగడుదుము. అయినను దాని మూల్యమును చెల్లించినవారు తల్లిదండ్రులు మాత్రమే కారు. ఆరేండ్ల బిడ్డకు రాజ్యాంగ సవరణలు తెలియవు. ఇరుగుపొరుగు కౌంటీలలో చుట్టములున్నవారు పిల్లలను అచ్చటికి పంపిరి. ఉత్తర కరోలినాలోని కిట్రెల్ కళాశాల హైస్కూలు విద్యార్థులను అఱువదిమంది వఱకు చేర్చుకొన్నది. క్వేకరు మతస్థుల సేవాసంఘము కొందఱిని ఇతర రాష్ట్రములలోని గృహస్థుల యిండ్లకు చేర్చినది; పదునైదు, పదునాఱేండ్ల పిల్లలు ఎఱుగని యిండ్లలో అన్నము తిని చదువుకొనిరి. ఫార్మ్‌విల్‌లో మిగిలినవారికి చర్చి గదులలో స్త్రీలు అక్షరములు చెప్పిరి. రెవరెండు గ్రిఫిన్ వానిని బడులని పిలువనీయలేదు, శిక్షణ కేంద్రములనవలెననెను. బడులని పిలిచినచో, వీరికి బడులు కలవుగదా యని కౌంటీవారు కోర్టులో వాదింతురని ఆయన భయము. చదువు చెప్పుచున్నను చదువు చెప్పుచున్నామని చెప్పుకొనరాని దుర్గతి వారిది. ఇన్ని యేర్పాట్లలో ఏదియు అందనివారే యెక్కువ. వారు పొలములలో పనికి పోయిరి; చిన్నవారు ఇండ్లయొద్ద ఆడుకొనుచు పెరిగిరి.

స్వపరిపాలన యనగా నేమి?

కౌంటీ పాలకుల వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. వారు చెప్పినదిది: బడి పెట్టి తీరవలెనని దేశ రాజ్యాంగములో ఎచ్చటను లేదు, మా పన్నులు మేము నిర్ణయించుకొనుట మా స్వపరిపాలన, మేము నల్లవారి బడిని మూసి తెల్లవారి బడిని తెఱచి యుంచలేదు, అన్నిటిని సమానముగా మూసితిమి, ఇందు భేదమెక్కడిది?

స్వపరిపాలన యను మాట మనకు పూజనీయమైనది. దానికొఱకు మన పెద్దలు చెఱసాలలకు పోయిరి. కావుననే ఆ మాటను ఎవరు ఏ పనికి వాడుచున్నారో పరీక్షించుట మనకు విధి. పరిపాలించువారిలో పరిపాలింపబడువారికి చోటు లేనప్పుడు అది స్వపరిపాలన యగునా? ప్రిన్సు ఎడ్వర్డులో నల్లవారును పన్నులు కట్టిరి; పాలక మండలిలో వారికి పలుకుబడి లేదు. ఒక వర్గము తన యధికారముతో మఱియొక వర్గము యొక్క బిడ్డలకు అక్షరము లేకుండ చేయుట స్వపరిపాలన కాదు, పరపాలన. దూరదేశమునుండి వచ్చినవాడు చేసినను, ప్రక్కవీథివాడు చేసినను దాని స్వరూప మొక్కటియే.

ఇక అన్నిటిని సమానముగా మూసితిమను మాట. ఊరిలో బావి యొక్కటి కలదు. పెరటిలో వేఱుగా బావి త్రవ్వుకొన్నవాడు, ఊరిబావిని అందఱికిని సమానముగా పూడ్చితినని చెప్పినచో ఎవ్వరు నమ్ముదురు? సమానత్వమును లెక్కించునప్పుడు పూడ్చిన బావిని గాక, దప్పిగొన్న గొంతులను చూడవలెను.

తెఱచిన తలుపు

1963 నాటికి ఈ సంగతి దేశమునకే తలవంపైనది. సహారాకు దక్షిణపు ఆఫ్రికా పోగా, ఉచిత ప్రభుత్వ విద్య లేని ప్రదేశములను లెక్కించుచు అటార్నీ జనరలు రాబర్టు కెన్నెడీ బహిరంగ సభలో కొన్ని పరాయి దేశముల పేర్ల సరసన ప్రిన్సు ఎడ్వర్డు పేరును చెప్పవలసివచ్చెను. ఆ వేసవిలో ఫార్మ్‌విల్ వీథులలో నల్లజాతి యువకులు శాంతియుతముగా నిరసనలు సలిపిరి. ప్రభుత్వ ప్రోద్బలముతోను, చందాలతోను ఉచిత పాఠశాలల సంఘమొకటి ఏర్పడి, వర్జీనియా మాజీ గవర్నరు కోల్గేట్ డార్డెన్ అధ్యక్షుడుగా, తెల్లవారు ముగ్గురును నల్లవారు ముగ్గురును ధర్మకర్తలుగా, 1963 సెప్టెంబరు 16వ తేదీన బడులు తెఱచినది. దాదాపు 1,600 మంది పిల్లలు వచ్చిరి. తెల్లపిల్లలు నలుగురైదుగురు కూడ చేరిరి. 1959లో అక్షరాభ్యాసమునకు సిద్ధమైన ఆరేండ్ల బిడ్డ ఇప్పుడు పదేండ్లవాడు. పెద్దపిల్లలు కొందఱు పసివారితో కూర్చుండి అక్షరములు దిద్దుకొనవలసివచ్చెను. అందుచే సంచాలకుడు నీల్ సల్లివన్ తరగతుల వరుసను విడిచి, ఎవరి నేర్పును బట్టి వారికి పాఠములు ఏర్పాటు చేసెను.

1964 మే 25వ తేదీన రెవరెండు గ్రిఫిన్ సంతానము పేర నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు తుదితీర్పు చెప్పినది. జస్టిసు హ్యూగో బ్లాక్ వ్రాసిన ఆ తీర్పులో రెండు సంగతులు ముఖ్యము. మొదటిది: రాష్ట్రమంతట ప్రభుత్వ బడులు నడచుచుండగా ఈ యొక్క కౌంటీలో మూసి ప్రైవేటు బడులకు సాయము చేయుటకు జాతిభేదము తప్ప మఱియొక కారణము లేదు, కావున అది సమాన రక్షణకు విరుద్ధము. రెండవది: బడులు నడపుటకు కావలసినచో పన్ను విధింపుమని మండలిని ఆజ్ఞాపించు శక్తియు క్రింది కోర్టునకు కలదు. తొమ్మిదేండ్ల క్రిందట తాను చెప్పిన త్వరకు ఇక గడువు తీరినదని కోర్టే యొప్పుకొన్నది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వ పాఠశాలలు తెఱచుకొన్నవి. చేరినవారు దాదాపు అందఱును నల్లపిల్లలే. తెల్లవారి విద్యాలయము తన దారిని తాను నడచి, 1980 తరువాతి సంవత్సరములలో గాని నల్లపిల్లలకు తలుపు తీయలేదు.

దేశమందలి తక్కిన చోట్లను కొంత వేగము వచ్చినది. 1964 పౌరహక్కుల చట్టము, భేదము పాటించు సంస్థకు కేంద్ర ధనము లేదని శాసించినది. 1968లో, పేరునకు కాక వాస్తవముగా పని చేయు పథకమును ఇప్పుడే చూపుడని సుప్రీంకోర్టు కఠినముగా పలికినది. దక్షిణ రాష్ట్రముల బడులు కొలది సంవత్సరములలో ఎంతయో మాఱినవి. కాని 1974లో డిట్రాయిటు వ్యాజ్యమున, నగరపు బడులను శివారుల బడులతో కలుపుటకు ఐదుగురు న్యాయమూర్తులు సమ్మతింపలేదు, నలుగురు సమ్మతించిరి. తెల్లవారు నగరము విడిచి శివారునకు పోయినచో తీర్పు వారి వెంట పోజాలదని తేలినది. అదే యేట బోస్టను నగరమున, ఉత్తరదేశమున, నల్లపిల్లల బస్సులపై రాళ్ళు పడెను. ఈ వ్యాధి దక్షిణమున మాత్రమే కలదని తలచినవారికి అది కనువిప్పు.

తిరిగి రాని దినములు

2003లో వర్జీనియా శాసనసభ ప్రిన్సు ఎడ్వర్డు బడులు మూసినందులకు తీవ్రమైన విచారమును తీర్మాన రూపమున ప్రకటించినది. ఆ యేడే ఫార్మ్‌విల్‌లో, నాడు చదువు కోల్పోయినవారికి గౌరవార్థము హైస్కూలు పట్టము లిచ్చిరి. 2004లో రాష్ట్రము వారి చదువునకై విద్యార్థి వేతనములను ఏర్పాటు చేసినది. మోటన్ హైస్కూలు భవనము నేడు ప్రదర్శనశాల. అమెరికా పార్లమెంటు భవనములో వర్జీనియా తరఫున నిలిచియుండిన సేనాని రాబర్టు లీ విగ్రహము 2020 డిసెంబరులో తొలగింపబడినది; ఆ స్థానమునకు ఆ రాష్ట్రము ఎన్నుకొన్నది బార్బరా జాన్స్ విగ్రహమును. గ్రంథాలయ పాలకురాలిగా జీవితము గడపిన ఆమె 1991లోనే మరణించెను.

ఈ ప్రాయశ్చిత్తములను మేము చిన్నచూపు చూడము. తప్పు చేసితిమని శాసనసభ నిలిచి చెప్పుట అంత తఱచుగా జరుగునది కాదు. అయినను లెక్క వేసి చూతము. 1959లో ఆరేండ్లవాడు 2003 నాటికి ఏబదేండ్లవాడు. నాడు హైస్కూలు కడపటి తరగతిలో నుండవలసినవాడు అఱువది దాటినవాడు. అతడు చేయని ఉద్యోగములును, తన బిడ్డలకు చెప్పలేని పాఠములును ఏ తీర్మానమునను రావు. ఆస్తి వ్యాజ్యములో ఆలస్యమైనచో వడ్డీతో సహా ధనము వచ్చును. చదువు వ్యాజ్యములో ఆలస్యమునకు వడ్డీ లేదు, అసలే పోవును. ప్రిన్సు ఎడ్వర్డు పిల్లలు తమ వ్యాజ్యమును రెండుసార్లు గెలిచిరి, 1954లోను, 1964లోను. ఆ రెండు జయముల నడుమనే వారు బడి లేక పెరిగిరి.

కావున బడిని గుఱించిన హక్కును ఎవరైనను మన యెదుట వాగ్దానము చేయునప్పుడు, ఇత్తురా యని మాత్రమే గాక, ఎన్నడిత్తురని కూడ అడుగుట మన కర్తవ్యమని మేము విన్నవించుచున్నాము. తారుకాగితపు పాకలనుండి లేచివచ్చి ఆ బాలిక తన పెద్దలను అడిగిన ప్రశ్నయు అదియే. దానికి ఆమె దేశము బదులు చెప్పుటకు పదుమూడేండ్లు పట్టినది.